ఎర్ర గీత కింది సంతకాలు

“ఒకవేళ ఇవాళ ఒక్కరూ రాలేదనుకో, ఏం చేస్తావే?” అంది తల్లి.

కూతురు సంచిలో కాయితాలు సర్దుకుంటూ తలెత్తింది. “ఎవరమ్మా రానిది?”

“టీచర్లే. అందరూ కూడబలుక్కుని మానేశారనుకో. అన్ని వందలమంది పిల్లలు, నువ్వొక్కదానివి. ఒకడు గోడెక్కుతాడు. ఇంకొకడు వాడి కాలు పట్టుకుని లాగుతాడు. తల పగులుతుంది. అప్పుడు అందరూ నిన్నే కదా అడిగేది?”

వంటింట్లోంచి అల్లుడు కేకేశాడు. “అత్తయ్యా, ముందు టీ తాగండి. తలలు తర్వాత పగలగొడుదురుగాని!”

“నవ్వండి, నవ్వండి. నా భయమంటే మీకు పరాచికం.”

ఆ రోజు కూతురు హెడ్‌మిస్ట్రెస్‌గా మొదటిసారి బడికి వెళ్తోంది. అదే బడిలో తల్లి ఇరవై ఏడేళ్లుగా ఆయా. పొద్దున్నే గదుల తాళాలు తీసేది, నోటీసు పుస్తకం పట్టుకుని క్లాసు క్లాసుకీ తిరిగేది, గంట కొట్టేది ఆవిడే. అందుకే బడిలో అందరికీ ఆవిడ గంటమ్మ. ఆవిడ చదువు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది. భయం మాత్రం ఎక్కడా ఆగకుండా పెద్ద పెద్ద తరగతులు దాటుకుంటూ పోయింది. వాన పడితే గోడ కూలుతుందని భయం, పడకపోతే కుళాయి ఎండుతుందని భయం. కూతురికి ఈ ఉద్యోగం వచ్చిందన్న రోజున అందరూ సంతోషించారు. ఆవిడ మాత్రం మంచం మీద కూలబడి, “ఎప్పుడు తీసేస్తారట?” అని అడిగింది.

గేటు దగ్గర స్కూలు కమిటీ అధ్యక్షుడు కారు దిగాడు. కొత్త హెడ్‌మిస్ట్రెస్‌కి శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చానన్నాడు. చెప్పింది మాత్రం వేరు.

“చిన్నవారు మీరు. మీ చేతికింద పనిచేసేవాళ్లలో కొందరు మీకు చదువు చెప్పినవాళ్లు. కొందరికి ఇంకా మీసాలే సరిగ్గా రాలేదు. ఇద్దర్నీ ఒక తాటి మీద నడపడం మాటలు కాదు. ఏడాది చూద్దాం. పాత హెడ్‌మాస్టరుగారి హయాంలో నా కారు ఈ మూల తిరిగేసరికి గంట వినిపించేది. వినిపించని రోజున మాట్లాడుకుందాం.”

కూతురు “అలాగేనండి” అని నవ్వి ఊరుకుంది. తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. పాత హెడ్‌మాస్టరుగారి హయాం అట! ఆయన గదిలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే ఆ గంట కొట్టింది ఎవరు? జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా వచ్చి కొట్టింది ఎవరు? పక్కనే నిలబడి ఉన్న మనిషి ఆ పెద్దమనిషి కళ్లకి గేటు స్తంభంలా కనిపించింది కాబోలు. పైగా తన పిల్లని బెదిరిస్తాడా, మొదటి రోజే, శుభాకాంక్షలు చెప్పడానికొచ్చి!

కోపం కడుపులోనే ఉండిపోయింది. భయం మాత్రం కాళ్లలోకి దిగి ఆవిడని తిన్నగా స్టాఫ్ రూముకి నడిపించింది. అక్కడ గోడకి పెద్ద లోలకం గడియారం ఉంది. వారానికోసారి తాళంచెవితో దానికి కీ ఇచ్చేది ఆవిడే. తాళంచెవి ఆవిడ మెడలోని తాడుకే ఉంటుంది. స్టూలు ఎక్కి, అద్దం తలుపు తెరిచి, పెద్ద ముల్లుని బొటనవేలితో రెండు నిమిషాలు ముందుకి నెట్టింది.

“ఎందుకైనా మంచిది,” అనుకుంది.

ఆ బడిలో పొద్దుట ఎనిమిదీ ముప్పావుకి మొదటి గంట. స్టాఫ్ రూములో గడియారం కిందే చిన్న బల్ల, బల్ల మీద టీచర్ల హాజరు రిజిస్టరు. గంట మోగగానే చివరి సంతకం కింద లెక్కల మాస్టారు స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో ఒక గీత గీస్తాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు గీత కింద సంతకం పెట్టాలి. మూడుసార్లు గీత కింద పడితే అరపూట సెలవు పోతుంది. అంతకుమించితే కమిటీకి రాస్తారు. ఈ పద్ధతి ఎప్పుడు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. లెక్కల మాస్టారు మాత్రం ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్క గీతా వంకర పోకుండా గీస్తున్నాడు.

స్టాఫ్ రూములో మూడు తరాలవాళ్లుండేవారు. ఎవరూ రాసిపెట్టకపోయినా ఎవరి చోటు వారికి ఉంది. కిటికీ పక్క, గాలి వచ్చే వరసలో పాతవాళ్లు. వాళ్ల పెద్ద లెక్కల మాస్టారు. హెడ్‌మాస్టరు కుర్చీ తనకే వస్తుందని అనుకున్నాడు, రాలేదు. మధ్యలో సైన్సు టీచరమ్మలాంటి నలభైల వాళ్లు. తలుపు పక్కన, వచ్చేపోయేవాళ్లు తగిలే చోట కొత్తవాళ్లు. అందులో కంప్యూటర్ సార్ అనే పాతికేళ్ల కుర్రవాడు, చిన్న పిల్లల క్లాసు చూసే టీచరు. ఆ అమ్మాయి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. రెండేళ్ల బాబు ఉన్నాడు.

కొత్త హెడ్‌మిస్ట్రెస్ ఎవర్నీ నొప్పించకుండా నెట్టుకురావాలని చూసింది. పెద్దవాళ్లకి నోటీసు చేత్తో రాసి పుస్తకంలో పంపితేనే గౌరవం. కొత్తవాళ్లు ఫోనులో వస్తే తప్ప చూడరు. అందుకని ఆవిడ ఒకటే మాట రెండుసార్లు రాసేది. లెక్కల మాస్టారికి మార్కులు కంప్యూటర్లో ఎక్కించడం కంప్యూటర్ సార్ నేర్పాలనీ, కంప్యూటర్ సార్‌కి అల్లరి క్లాసుని అదుపులో పెట్టడం మాస్టారు నేర్పాలనీ జత కట్టింది. మొదట్లో ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు. మూడోవారం వచ్చేసరికి మాస్టారు మీట నొక్కి, “ఇదేంటోయ్, నా మార్కులన్నీ మాయమైపోయాయి?” అని అరవడం, కుర్రవాడు పరిగెత్తుకెళ్లి, “పోలేదు సార్, మీరు కిందకి జరిపారంతే,” అనడం, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వడం మామూలైంది.

పిల్లలకి పాఠం చెబుతున్నట్టే కూతురు పెద్దల్ని కూడా నడిపిస్తోందని తల్లికి గర్వంగానే ఉండేది. పైకి మాత్రం అనేది కాదు. అంటే ఏమవుతుందోనని భయం. బడిలో కూతుర్ని అందరిలాగే “మేడమ్” అని పిలిచేది. “మేడమ్, నోటీసు పుస్తకం తెచ్చాను,” అని గది బయటే నిలబడి, ఎవరూ లేకపోతే గొంతు తగ్గించి, “డబ్బా తిన్నావా, మళ్లీ మర్చిపోయావా?” అని అడిగేది.

ఒకరోజు నోటీసు పుస్తకంతో వరండాలో వస్తుంటే కిటికీ వరసలోంచి లెక్కల మాస్టారి గొంతు వినిపించింది.

“మన చెయ్యి పట్టుకుని అంకెలు దిద్దిన పిల్ల ఇవాళ మనకి నోటీసులు పంపుతోంది. ఆయా కూతురు హెడ్‌మిస్ట్రెస్ అయింది సరే. మరి ఆయాని ఏం చెయ్యాలి? కమిటీలో వేద్దామా?”

నవ్వులు. తల్లి అక్కడే నిలబడిపోయింది. ఆయా కూతురు! అవును, ఆయా కూతురే. ఈ వరండా తడిగుడ్డతో తుడుస్తూ పెంచుకున్న కూతురు. మీ అందరి టీ గ్లాసులు కడిగిన చేతులతో పుస్తకాలకి అట్టలు వేసి పంపిన కూతురు. లెక్కల్లో మీరే కదా మాస్టారూ, నూటికి నూరు వేసింది? ఆ నూరూ ఇప్పుడు గొంతులో ముల్లయిందా?

లోపలికి వెళ్లి పుస్తకం ఆయన ముందు టప్పుమని పెట్టింది. “సంతకం పెట్టండి,” అంది.

“ఏంటి గంటమ్మా, ఇవాళ వేడిగా ఉన్నావు?”

“ఎండ మాస్టారూ,” అంది. బయట మబ్బుగా ఉంది.

మర్నాడు ముల్లు ఇంకో రెండు నిమిషాలు ముందుకి నడిచింది. ఇలాంటివాళ్లు కాచుకుని కూర్చున్నప్పుడు గంట ఒక్క అర నిమిషం ఆలస్యమైనా తన పిల్లని నమిలేస్తారు. ఎందుకైనా మంచిది. తర్వాత వారం తనిఖీకి ఎవరో వస్తారన్నారు. ఇంకో మూడు నిమిషాలు. తనిఖీకి ఎవరూ రాలేదు. ముల్లు మాత్రం వెనక్కి రాలేదు. ప్రతి సోమవారం కీ ఇచ్చేటప్పుడు చేతి గడియారంతో సరిచూసి, ఏడు నిమిషాల తేడా చెక్కుచెదరకుండా చూసుకునేది. సాయంత్రం కూడా బడి ఏడు నిమిషాలు ముందే వదిలేవారు. దాని గురించి మాత్రం ఏ తరంవాళ్లూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆ ఏడు నిమిషాలు పాతవాళ్లని ఏమీ చెయ్యలేదు. దానికి కారణం వాళ్ల పాత అలవాటు. రిజిస్టరులో సంతకం పెట్టాక కిటికీ వరసవాళ్లంతా మణికట్టు ఎత్తి, చేతి గడియారాన్ని గోడ గడియారంతో సరిపెట్టుకుంటారు. అది పాత హెడ్‌మాస్టరుగారు నేర్పిన క్రమశిక్షణ. గోడ గడియారంతోబాటు వాళ్ల గడియారాలూ రెండు, నాలుగు, ఏడు నిమిషాలు ముందుకి నడిచాయి. వాళ్లూ అంత ముందే ఇంట్లోంచి బయల్దేరేవారు. కొత్తవాళ్లకి చేతికి గడియారం లేదు. ఫోను చూసుకుని వస్తారు. ఫోనుని ఎవరి బొటనవేలూ నెట్టలేదు. నడివయసువాళ్లు కొందరు ఇటు, కొందరు అటు.

రిజిస్టరులో ఎర్ర గీత పైన ముసలి సంతకాలు, కింద పడుచు సంతకాలు చేరసాగాయి.

“చూశారా ఈ తరం?” అన్నాడు లెక్కల మాస్టారు. “పడక దిగరు. దిగినా ఫోను దింపరు.”

“నా ఫోనులో ఎనిమిదీ నలభై మూడే సార్,” అన్నాడు కంప్యూటర్ సార్. “మీ గోడ గడియారానికి వయసు మీరింది.”

“అది నీకంటే ముందు నుంచి ఇక్కడ ఉంది. వయసు మీరినవాటిని వెక్కిరించకు నాయనా. నీ ఫోను టైము నీ ఇంట్లో చూసుకో.”

ఆ రోజు నుంచి మాస్టారు మార్కులు ఎక్కించడానికి కుర్రవాణ్ణి పిలవడం మానేశాడు. కుర్రవాడూ వెళ్లడం మానేశాడు.

తల్లికి కొత్తవాళ్ల మీద ఒళ్లు మండిపోయేది. తన కూతురు అంత మెత్తగా చూస్తుంటే నెత్తికెక్కుతారా? ఒక గంట వేళకి రాలేరా? గంట కొట్టాక చెమటలు కారుస్తూ ఒక్కొక్కరే గేటులోంచి పరిగెత్తుకొస్తుంటే, గంట తాడు పట్టుకునే నిలబడి, “రండి, రండి, హారతి పళ్లెం ఒక్కటే తక్కువ,” అని సణిగేది. ఎర్ర గీత పడుతుంటే, బాగా అయింది అనుకునేది. ఇంత కోపంలో, ఆ గీత ఎక్కడ పడాలో చెబుతున్న ముల్లు ఎవరు నెట్టారన్నది ఆవిడకి నిజంగానే గుర్తొచ్చేది కాదు.

గుర్తొచ్చింది చిన్న పిల్లల టీచరు వల్ల. ఒకరోజు ఆ అమ్మాయి తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వచ్చింది. అప్పటికే గీత పడింది. వంగి గీత కింద సంతకం పెడుతుంటే నుదుటి మీంచి చెమట చుక్క రిజిస్టరు మీద పడింది.

“కాస్త ముందు లేవకూడదా అమ్మాయ్?” అంది తల్లి. “రోజూ ఏమిటీ పరుగు?”

“ఐదింటికే లేస్తాను గంటమ్మగారూ. బాబుని క్రెష్‌లో వదలాలి కదా. వాళ్లు ఎనిమిదిన్నరకి గానీ తలుపు తియ్యరు. అక్కణ్ణించి పరిగెత్తితే పదమూడు నిమిషాలు. సరిగ్గా సరిపోయేది. నాలుగు నెలలు ఒక్కసారి కూడా లేటు కాలేదు. ఇప్పుడేమైందో…” ఆ అమ్మాయి ఫోను తీసి చూపించింది. “చూడండి. ఇంకా ఎనిమిదీ నలభై మూడే. నాకే పిచ్చెక్కుతోందా?”

తల్లి ఆ ఫోను చూసింది, గోడ మీది ముల్లు చూసింది. వెళ్లి సూదీ దారం తెచ్చి, వరండా మెట్టు మీద కూర్చుని ఆ చెప్పు కుట్టి ఇచ్చింది. కుడుతున్నంతసేపూ లెక్క వేసుకుంది. ముల్లు ఒక్కసారిగా వెనక్కి తిప్పితే అందరికీ తెలిసిపోతుంది. రోజుకో నిమిషం చొప్పున వెనక్కి లాగితే, ఏడు రోజుల్లో ఎవరికీ తెలియకుండా సర్దుకుంటుంది. రేపే మొదలుపెడదాం.

కానీ ఆ సాయంత్రమే హెడ్‌మిస్ట్రెస్ స్టాఫ్ రూములోకి వచ్చి, ఫోను పక్కన పెట్టుకుని చూసి, “ఏడు నిమిషాలు ముందుంది. కొత్తవాళ్లు చెప్పింది నిజమే,” అని తనే స్టూలు ఎక్కి ముల్లు సరిచేసింది. తల్లి స్టూలు పట్టుకుని నిలబడింది. “జాగ్రత్త మేడమ్, పడతారు,” అని మాత్రం అంది.

మర్నాడు గంట సరైన వేళకే మోగింది. ఇన్నాళ్లూ ముందే మోగిన గంటని బట్టి వాచీ సరిపెట్టుకుని బయల్దేరుతున్న కమిటీ అధ్యక్షుడి కారు, గంట మోగేలోపే మూల తిరిగి గేటు దగ్గరికి వచ్చేసింది. అద్దం దించి ఆయన అడిగాడు: “ఏంటి, ఇవాళ గంట వినపడలేదు? అప్పుడే మొదలైందా మీ మేడమ్‌గారి కొత్త పాలన?”

కిటికీ వరసవాళ్లు కూడా వాచీలు చూసుకుంటూ, “ఏడు నిమిషాలు ఆలస్యం,” అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఇన్నాళ్లూ ముందు కొట్టిన పాపానికి ఇప్పుడు సరైన వేళే ఆలస్యంగా కనిపిస్తోంది. తల్లికి అధ్యక్షుణ్ణి నిలువునా దులిపెయ్యాలనిపించింది. ఆ కారు టైరులో గాలి తీసెయ్యాలనిపించింది. ఏదీ చెయ్యలేక, మర్నాడు తెల్లారగానే స్టూలు ఎక్కి ముల్లుని మళ్లీ ఏడు నిమిషాలు ముందుకి నెట్టింది.

హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు సరిచేసింది. రెండుసార్లూ మర్నాటికి ముందుకే ఉంది. గడియారాలు బాగుచేసే ఆయన్ని పిలిపించింది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, లోపలంతా చూసి నవ్వాడు.

“దీనికేం రోగం లేదమ్మా. నా కంటే ఆరోగ్యంగా ఉంది. దీన్ని ఎవరో చేత్తో తిప్పుతున్నారు.”

“తాళంచెవి గంటమ్మ దగ్గర ఉంటుంది కదా?” అని ఎవరో అన్నారు.

“అద్దం తలుపుకి తాళం లేదు, ఎవరైనా తియ్యొచ్చు,” అన్నాడు కంప్యూటర్ సార్. “అయినా గంటమ్మగారా? ఆవిడ ఊపిరి పీల్చడం మర్చిపోతారేమో గానీ టైము మర్చిపోరు!” అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది. ఆ నవ్వు తల్లికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

బుధవారం పొద్దున్న ఆవిడ స్టూలు మీద ఉండగానే లెక్కల మాస్టారు లోపలికి వచ్చాడు. రోజూ అందరికంటే ముందొచ్చేది ఆయనే. ఆ రోజు ఇంకా ముందొచ్చాడు. ఆవిడ బొటనవేలు ముల్లు మీదే ఉంది.

“దుమ్ము మాస్టారూ,” అంది. “తుడుస్తున్నా.”

చేతిలో గుడ్డ లేదు. ఆయన ఆవిడ చెయ్యి చూశాడు, గడియారం చూశాడు, తన మణికట్టు చూసుకున్నాడు. కుర్చీలో కూర్చుని పేపరు తెరిచాడు. ఆ రోజు గంట మోగాక ఆయన ఎర్ర గీత గీయలేదు. మర్నాడూ గీయలేదు. అడిగితే, “పెన్నులో ఇంకు అయిపోయింది,” అన్నాడు.

ఇక చెబుతాడు, ఇవాళ చెబుతాడు అని ఆవిడ రెండు రోజులు తిండి మానేసి కాచుకుంది. ఆయా కూతురని ఎగతాళి చేసిన మనిషి, ఇంత గొప్ప అవకాశం చేతికి దొరికితే వదులుతాడా? ఎందుకు చెప్పడం లేదు? సమయం చూసి దెబ్బ కొడతాడు కాబోలు. ఆ ఊహకి ఆయన మీద కోపం రెట్టింపయింది.

శుక్రవారం పొద్దున్న కమిటీ నుంచి కాయితం వచ్చింది. సాయంత్రం బడి వదిలాక హెడ్‌మిస్ట్రెస్ అందర్నీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టి అది చదివింది. చిన్న పిల్లల టీచరుకి ఈ టర్ములో పదకొండు ఆలస్యాలు. కాబట్టి వచ్చే నెల నుంచి ఆమెని కొనసాగించరు. సోమవారంలోగా హెడ్‌మిస్ట్రెస్ సంతకం చేసి తిప్పి పంపాలి.

తలుపు పక్క కుర్చీలో ఆ అమ్మాయి తల దించుకుంది. ఏడవలేదు. ఒళ్లో చేతులు మాత్రం ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి.

“దీని మీద నేను సంతకం పెట్టను,” అంది కూతురు. ఆ గొంతు తల్లి ఎప్పుడూ విననిది. “కానీ ఎందుకు పెట్టనో రాయాలి. గడియారం తప్పని రాస్తే, ఎవరు తిప్పారని అడుగుతారు. తెలియదంటే, చేతకాని హెడ్‌మిస్ట్రెస్ సాకులు చెబుతోందంటారు. ఒక పసిబిడ్డ తల్లి నోటి దగ్గర కూడు లాగేస్తుంటే, ఈ గదిలో ఎవరో ఒకరు రోజూ వేలు పెట్టి ముల్లు తిప్పి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతున్నారు. మీ చేతులు ఎలా వచ్చాయండీ? నా మీద కోపముంటే నా మొహం మీద అనండి. నా కుర్చీ లాక్కోండి. ఆ అమ్మాయి ఏం చేసింది మిమ్మల్ని?”

తలుపు దగ్గర టీ పళ్లెంతో నిలబడ్డ తల్లికి ఒక్కో మాటా సూదిలా దిగింది.

“అడగడానికేముంది మేడమ్?” కంప్యూటర్ సార్ ఒంటికాలి మీద లేచాడు. “గడియారం ఎవరి కుర్చీ వెనకుంది? అందరికంటే ముందు ఎవరొస్తారు? ఎర్ర పెన్ను ఎవరి జేబులో ఉంది? మమ్మల్ని సోమరిపోతులంటూ తిరిగేది ఎవరు?”

“నేను తిప్పలేదు,” అన్నాడు లెక్కల మాస్టారు.

“మరి మూడు రోజులుగా గీత ఎందుకు గీయలేదు మాస్టారూ?” అంది హెడ్‌మిస్ట్రెస్. “తప్పు తెలిసొచ్చిందా, భయం వేసిందా?”

“ఇంకు అయిపోయింది.”

“అంతేనా? ఇంకేం చెప్పరా?”

ఆయన చేతికున్న గడియారం విప్పి రిజిస్టరు మీద పెట్టి, రెండూ కలిపి ముందుకి తోశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన దగ్గరున్న రిజిస్టరు. కిటికీ వరసలో ఎవరో, “ఏమిటండీ ఇది, మీరు అడగండి, ఊరుకుంటారేమిటి?” అని గొణిగారు. ఆయన కళ్లు బల్ల మీదే ఉన్నాయి. తలుపు వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. తిరగకూడదని మెడ బిగబట్టుకుని కూర్చున్నాడు.

తల్లి ఆ మెడ వైపే చూస్తోంది. తిరిగి చూసినా బాగుండేది. వేలెత్తి చూపించినా బాగుండేది. అప్పుడు ఇంకొంచెం కోప్పడొచ్చు. ఆయా కూతురని నవ్విన మనిషే ఇప్పుడు ఆయా కోసం దొంగలా కూర్చున్నాడు. తను కుట్టిన చెప్పుతో ఆ పిల్ల రోడ్డు మీదికి వెళ్లబోతోంది. ఇన్నాళ్లూ ఎవరెవరి మీద మండిపడింది తను? అధ్యక్షుడి మీద, మాస్టారి మీద, పరిగెత్తుకొచ్చే ఆ పిల్లల మీద. ఛీ, ఒక్కసారైనా తన బొటనవేలి వైపు చూసుకుందా?

కానీ నోరు తెరిస్తే? హెడ్‌మిస్ట్రెస్ తల్లే చేసిందంటారు. తల్లీ కూతురూ కలిసి చేశారంటారు. సోమవారం ఆ పిల్ల బదులు తన పిల్ల కుర్చీ ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. రేపు ఊళ్లో ఎక్కడికెళ్లినా ఆ మాటే.

“మాస్టారూ, నాకు కూడికలు నేర్పింది మీరే,” అంది కూతురు. “మిమ్మల్ని నిలబెట్టి అడగాల్సి వస్తుందని అనుకోలేదు. చివరిసారి అడుగుతున్నాను, అందర్నీ అడుగుతున్నాను. ఈ ముల్లు ఎవరు తిప్పుతున్నారు?”

సైన్సు టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. కంప్యూటర్ సార్ నిలబడే ఉన్నాడు, కూర్చోవాలో వద్దో తెలియక. బయట ఎవరి బంతో గోడకి తగిలి ఆగిపోయింది. లోలకం అటూ ఇటూ ఊగుతూ ఉంది, ఏడు నిమిషాలు ముందుగానే. చిన్న పిల్లల టీచరు ఫోను బల్ల మీద ఒకసారి వెలిగి ఆరిపోయింది, క్రెష్ వాళ్లదేమో. ఆ అమ్మాయి అది అందుకోలేదు. లెక్కల మాస్టారి ఖాళీ మణికట్టు మీద గడియారం పట్టీ పడిన తెల్లటి చార కనిపిస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ కాయితం మడతపెట్టింది, మళ్లీ విప్పింది.

తల్లి టీ పళ్లెం కింద పెట్టింది. గ్లాసులు గలగలమన్నాయి. అందరూ ఇటు తిరిగారు. మెడలోని తాడు తల మీంచి తీసి, తాళంచెవిని రిజిస్టరు పక్కన, మాస్టారి గడియారం పక్కన పెట్టింది. ఈసారి ‘మేడమ్’ అనే మాట నోటికి రాలేదు.

“నేనేనే, తల్లీ,” అంది. “ఎందుకైనా మంచిదని.”